కేబుల్ లాగేది మనం, మెగ్గర్ పట్టేది ఇంకొకరు – ఇలా ఎన్నాళ్ళు?

పోస్టు పెద్దది. పనికి బస్సెక్కే ముందు చదవాల్సిన విషయం కాబట్టి పెద్దగానే రాశాను. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

"షట్‌డౌన్ పనికి హెల్పర్లు కావాలి. టెన్త్ పాస్ అయినా ఫెయిల్ అయినా పర్లేదు. రూమ్ ఫ్రీ. ఆధార్ తెచ్చుకోవాలి." ఈ మెసేజ్ మన గ్రూపులో ఏటా తిరుగుతుంది. కింద మనోళ్ళే "అన్నా నేను వస్తా", "మా ఊర్లో నలుగురున్నాం" అని రాస్తారు. పని ఏమిటని ఒక్కరూ అడగరు. పంపినవాడు కూడా చెప్పడు. ఎందుకంటే వాడికి కావల్సింది మనిషి తల కాదు, రెండు చేతులూ రెండు కాళ్ళూ. నేను ఈ పోస్టులో అడిగేది ఒకటే. ఇలాంటి మెసేజ్‌ని ఇక మీదట అలాగే ఫార్వర్డ్ చెయ్యకండి. ఏం పని, ఏ రకం కేబుల్, టెస్టింగ్ ఎవరు చేస్తారు, రిపోర్టు కాగితం మీద ఎవరి పేరు ఉంటుంది – ఈ నాలుగూ అడిగి, జవాబు వచ్చాకే మన పిల్లల్ని పంపండి.

నేను మాట్లాడేది ఎలక్ట్రిక్ హీట్ ట్రేసింగ్ పని గురించి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి ఇప్పుడు బీటెక్‌లో ఉన్నాను. మా ఇంట్లో కాలేజీ గేటు దాటిన మొదటివాణ్ణి నేనే. రెండు వేసవులు ఇదే పనికి వెళ్ళాను. అక్కడ చూసిందీ, తర్వాత మాన్యువళ్ళు పట్టుకుని చదివిందీ కలిపి రాస్తున్నాను. మన ఏజెన్సీ నుంచి ప్లాంటు పనులకి వెళ్ళే కుర్రాళ్ళలో చాలామంది ఈ కేబుల్‌ని ముట్టుకునే ఉంటారు. కానీ దాని పేరు అడిగితే "ఎర్ర వైరు", "పట్టీ వైరు" అంటారు. పేరు కూడా తెలియని వస్తువుని రోజుకి పది గంటలు మోస్తున్నాం. నా కోపమంతా అక్కడే.

ముందు అసలు సంగతి చెప్తాను. తెలియకుండా తిట్టుకోవడం వల్ల లాభం లేదు.

చలికాలంలో మన ఇళ్ళల్లో ఇప్పనూనె గడ్డకడుతుంది. అవ్వ ఏం చేస్తుంది? సీసా తీసుకెళ్ళి పొయ్యి పక్కన పెడుతుంది. కాసేపటికి కరిగి ధారగా వస్తుంది. ఫ్యాక్టరీలో కూడా కథ ఇంతే. కాకపోతే అక్కడ సీసా బదులు కిలోమీటర్ల పొడవు పైపు ఉంటుంది. పైపుని పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళలేం కాబట్టి పొయ్యినే పైపు వెంట పరుస్తారు. పైపుకి ఆనించి వేడెక్కే కేబుల్ కట్టి, దాని మీద ఇన్సులేషన్ దుప్పటి చుట్టి, ఆ పైన అల్యూమినియం రేకు బిగిస్తారు. ఆ కేబుల్ కరెంటుతో వేడెక్కి, పైపు నుంచి ఎంత వేడి బయటికి పోతోందో అంత వేడిని తిరిగి ఇస్తుంది. ఇదే హీట్ ట్రేసింగ్. పాత ప్లాంట్లలో ఇదే పనికి సన్నటి ఆవిరి గొట్టాన్ని పైపు పక్కనే నడిపేవారు, ఇప్పటికీ చాలాచోట్ల నడుపుతున్నారు. వేడిని కొలిచి ఇవ్వాల్సిన చోట కరెంటు కేబుల్ వచ్చింది.

"మన ఎండలకి పైపుని వేడి చెయ్యడం ఏమిటి?" అని నన్ను చాలామంది అడిగారు. చలి అనేది మన ఒంటి లెక్క కాదు, పైపులో ఉన్న సరుకు లెక్క. రిఫైనరీల్లో ముడిచమురు నుంచి గంధకాన్ని వేరు చేస్తారు. దాన్ని ద్రవంగా పైపులో నడపాలంటే 120 డిగ్రీలు దాటి ఉండాలి, ఎందుకంటే సుమారు 115 నుంచి 119 డిగ్రీల దగ్గర అది రాయి అయిపోతుంది. పోనీ బాగా వేడి చేద్దామా అంటే, 160 డిగ్రీల దగ్గర అది ఒక్కసారిగా జిగురు పాకంలా చిక్కబడుతుంది. అంటే కిందకి పోకూడదు, మీదకి పోకూడదు. విశాఖలో మే నెల 40 డిగ్రీల ఎండ కూడా ఆ గంధకానికి గడ్డకట్టే చలే. ఫినాల్ సుమారు 41 డిగ్రీల దగ్గరే గట్టిపడుతుంది. బాక్సైట్ నుంచి అల్యూమినా తీయడానికి కాస్టిక్ సోడా కావాలని మనకి తెలుసు. సగానికి సగం గాఢత ఉన్న కాస్టిక్ ద్రావణం 12 డిగ్రీలకి అటూ ఇటూ గడ్డకట్టడం మొదలుపెడుతుంది. డిసెంబరులో లంబసింగిలో తెల్లారగట్ల ఎంత చలో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో పెద్ద ఉదాహరణ రాజస్థాన్‌లో ఉంది. బాడ్మేర్ దగ్గర మంగళ క్షేత్రంలో దొరికే ముడిచమురులో మైనం ఎక్కువ. వదిలేస్తే కొవ్వొత్తిలా గట్టిపడుతుంది. దాన్ని గుజరాత్ తీరం దాకా సుమారు 670 కిలోమీటర్ల పైపులైన్లో 65 డిగ్రీలకి తగ్గకుండా పంపిస్తారు. వేడి చేస్తూ నడిపే పైపులైన్లలో ప్రపంచంలోనే అతి పొడవైనదిగా దానికి పేరుంది. అక్కడ వాడేది స్కిన్ ఎఫెక్ట్ పద్ధతి. పెద్ద పైపుకి ఒక చిన్న ఉక్కు గొట్టం వెల్డ్ చేసి, దాని లోపల కేబుల్ వేస్తారు. ఏసీ కరెంటు కేబుల్లో వెళ్ళి గొట్టం లోపలి చర్మం మీదుగా తిరిగొస్తుంది. ఆ దారిలో గొట్టం వేడెక్కి పైపుని వేడి చేస్తుంది. ఎడారిలో, ఎండలో, పైపుకి వేడి! ఇది ఎవడో మాయావి చేసింది కాదు. మనలాంటి చేతులే లాగాయి, వెల్డ్ చేశాయి, కొలిచాయి.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. ఈ పనిని సైట్‌లో రెండు ముక్కలు చేస్తారు. కేబుల్ మొయ్యడం, డ్రమ్ము తిప్పడం, స్కఫోల్డింగ్ ఎక్కి పైపు వెంట పరచడం, టేపు చుట్టడం – ఇది "హెల్పర్ పని". గ్లాండు బిగించడం, టర్మినేషన్, ఎండ్ సీల్, మెగ్గర్ టెస్ట్, డ్రాయింగ్ చూసి మార్కింగ్ చెయ్యడం – ఇది "టెక్నీషియన్ పని". మొదటిది మనది, రెండోది వేరేవాళ్ళది. ఈ గీత ఎవరు గీశారు? చదువు గీసిందంటారు. నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో లెక్కతో చెప్తాను.

ఈ కేబుళ్ళలో ముఖ్యంగా మూడు రకాలు తెలిస్తే చాలు. మొదటిది సిరీస్ కేబుల్. ఒకే తీగ, దాని నిరోధమే వేడి. రెండోది సమాంతర కాన్‌స్టంట్ వాటేజ్ కేబుల్, మీటరుకి ఇంత అని ఒకే వేడి ఇస్తుంది. మూడోది సెల్ఫ్ రెగ్యులేటింగ్, మనోళ్ళు "పట్టీ వైరు" అనేది దీన్నే. ఇందులో రెండు రాగి తీగలు పక్కపక్కన నడుస్తాయి, మధ్యలో కార్బన్ కలిపిన ప్లాస్టిక్ ఉంటుంది. చల్లగా ఉన్నచోట అది ఎక్కువ కరెంటు పోనిస్తుంది, వేడెక్కినచోట తనంతట తానే తగ్గించుకుంటుంది. ఒకే కేబుల్‌లో ఒక మూల ఎక్కువ, ఇంకో మూల తక్కువ. అందుకే దీన్ని ఒకదాని మీద ఒకటి పడేలా వేసినా మాడిపోదు, కావాల్సిన పొడవుకి కోసుకోవచ్చు. కానీ మొదటి రెండు రకాలూ ఒకదాని మీద ఒకటి పడితే ఆ చోట వేడి పేరుకుని కాలిపోతాయి.

ఇప్పుడు పదో తరగతి లెక్క. పవర్ అంటే వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగించడం. వంద మీటర్ల సిరీస్ కేబుల్‌ని "పొడవు ఎక్కువైంది" అని సగానికి కోసి, అదే వోల్టేజి ఇచ్చారనుకోండి. నిరోధం సగమైంది, మొత్తం పవర్ రెండింతలైంది. ఆ రెండింతల పవర్ సగం పొడవులో పడింది. అంటే మీటరుకి నాలుగింతలు. ఆ కేబుల్ బతుకుతుందా? ఈ లెక్క మన ఆశ్రమ పాఠశాల సైన్స్ పుస్తకంలో ఉంది. దీనికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. కటింగ్ ప్లయర్ చేతికిచ్చి "ఇక్కడ కోసెయ్" అని చెప్పినవాడు, అది ఏ రకం కేబులో మాత్రం చెప్పడు. కోసింది మన చెయ్యి. కాలిపోతే తప్పు ఎవరిది అవుతుంది?

ఇంకొకటి చూడండి. సెల్ఫ్ రెగ్యులేటింగ్ కేబుల్ చివర రెండు రాగి తీగల్ని కలపకూడదు. విడివిడిగా ఉంచి ఎండ్ సీల్ వెయ్యాలి. కలిపితే నేరుగా షార్ట్ సర్క్యూట్. సిరీస్ కేబుల్ వేసిన అలవాటున్నవాడు "సర్క్యూట్ పూర్తి అవ్వాలి కదా" అని చివర మెలి పెట్టేస్తాడు. వాడిది తెలివితక్కువతనం కాదు. ఒక రకం నేర్పి రెండో రకం నేర్పకుండా వదిలేసినవాళ్ళది ఆ నేరం.

కేబుల్ మీద జల్లెడలా అల్లిన లోహపు అల్లిక ఉంటుంది, దాన్ని బ్రెయిడ్ అంటారు. చాలామంది అది బలం కోసం అనుకుని కత్తిరించి పారేస్తారు. అది ఎర్తు. కేబుల్‌కి ఎక్కడైనా గాయమైతే లీకైన కరెంటు ఆ అల్లికలోకి దిగాలి, అప్పుడే 30 మిల్లీయాంపులకి పనిచేసే ఎర్త్ లీకేజీ బ్రేకరు పడుతుంది. అల్లిక లేకపోతే బ్రేకరుకి కబురే అందదు. గాయమైన చోట నిప్పురవ్వలు పుడుతూనే ఉంటాయి. పక్కన పెట్రోలు ఆవిరి ఉండే చోట ఆ రవ్వ ఏం చేస్తుందో ఆలోచించండి. అలాంటి చోట వాడే ప్రతి జంక్షన్ బాక్సుకీ, గ్లాండుకీ పేలుడు రక్షణ ధ్రువీకరణ ఉండాలి. ఆ స్కఫోల్డింగ్ మీద మొదట ఉండేది మనమే. కాబట్టి ఇది మార్కుల కోసం నేర్చుకునే పాఠం కాదు, ప్రాణం కోసం నేర్చుకోవాల్సింది.

"హెల్పర్ పని" అని తక్కువచేసే ముక్కలో కూడా ఎంత తెలివి ఉందో వినండి. అడ్డంగా ఉన్న పైపుకి కేబుల్‌ని గడియారంలో 4 గంటల చోటో 8 గంటల చోటో వెయ్యాలి. పైన వేస్తే ఎవడో ఒకడు తొక్కుతాడు, రేకు స్క్రూ దిగుతుంది. సరిగ్గా అడుగున వేస్తే నీరు చేరుతుంది, సపోర్టు దగ్గర నలుగుతుంది. సుమారు అడుగుకొక చోట గ్లాస్ క్లాత్ టేపు చుట్టాలి. ఇంట్లో వాడే పీవీసీ టేపు వేడికి నిలవదు, స్టీలు పైపుని తినేస్తుంది కూడా. బైండింగ్ వైరు పైతొడుగుని కోసేస్తుంది. వాల్వు, ఫ్లాంజి, సపోర్టు దగ్గర వేడి ఎక్కువ పోతుంది కాబట్టి అక్కడ అదనపు కేబుల్ వెయ్యాలి. వాల్వు దగ్గర ఆ కేబుల్‌ని ఎలా చుట్టాలంటే, రేపు వాల్వు విప్పాల్సొస్తే కేబుల్ కొయ్యకుండానే పక్కకి తప్పించగలగాలి. ఉష్ణోగ్రత చూసే సెన్సర్‌ని కేబుల్‌కి తగలకుండా పైపుకి ఆనించి కట్టాలి. తగిలిందంటే అది కేబుల్ వేడినే పైపు వేడనుకుని కరెంటు ఆపేస్తుంది, లోపల సరుకు గడ్డకడుతుంది. రాత్రి వాన పడేలా ఉంటే కేబుల్ చివరలకి సీలు వేసి పోవాలి. ఎంఐ కేబుల్ అయితే మరీ జాగ్రత్త. దాని లోపలి మెగ్నీషియం ఆక్సైడ్ పొడి గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది.

ఇవన్నీ చేసేవాడు హెల్పరా? ఇదంతా తెలిసి చేసినా, తెలియక చేసినా ఒకే కూలి ఇవ్వడం కోసమే ఆ పేరు. కనీస వేతనాల నోటిఫికేషన్లలో అన్‌స్కిల్డ్, సెమీ స్కిల్డ్, స్కిల్డ్ అని మెట్లు ఉంటాయి. హెల్పర్ అని రాసినంతకాలం మనం అడుగు మెట్టు మీదే ఉంటాం. అది మాటలో చిన్నచూపు అనుకుని సరిపెట్టుకోకండి, ప్రతి రోజూ జేబులోంచి పోయే డబ్బు.

ఇక మెగ్గర్ సంగతి. ఈ పోస్టులో ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. మెగ్గర్ అంటే ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే పరికరం. ఒక కొస లోపలి రెండు తీగలకి కలిపి, రెండో కొస అల్లికకి పెట్టి కొలుస్తారు. ప్లాస్టిక్ ఇన్సులేషన్ ఉన్న కేబుల్‌కి 2500 వోల్టుల డీసీతో కొలవమంటారు, రీడింగు కనీసం 20 మెగాఓములు రావాలి. తయారీ కంపెనీ మాన్యువల్ అంతకంటే ఎక్కువ అడగొచ్చు, అప్పుడు అదే పాటించాలి. ఈ కొలత ఒక్కసారి చేసేది కాదు. కేబుల్ డ్రమ్ము మీద ఉండగానే ఒకసారి. పైపుకి కట్టాక, ఇన్సులేషన్ వెయ్యకముందు ఒకసారి. ఇన్సులేషన్, రేకు పూర్తయ్యాక ఒకసారి. కరెంటు ఇచ్చేముందు ఇంకోసారి. ప్రతిసారీ తేదీ, రీడింగు రాసి సంతకం పెట్టాలి.

ఇన్నిసార్లు ఎందుకు? ఒక్కో కొలత ఒక్కో సాక్షి. డ్రమ్ము మీదే రీడింగు తక్కువ వస్తే సరుకే చెడ్డది. కట్టాక తక్కువ వస్తే కట్టినవాళ్ళు చూసుకోవాలి. కట్టాక బాగుండి, రేకు వేశాక పడిపోతే రేకు వేసినవాళ్ళు చూసుకోవాలి. ఇంతకంటే న్యాయమైన పంచాయితీ మన ఊరి రచ్చబండ దగ్గర కూడా జరగదు.

ఆ సాక్షి లేకపోతే ఏమవుతుందో చెప్తాను. పోయిన వేసవిలో తీరంలో ఒక ప్లాంటులో షట్‌డౌన్ పనికి మా మన్యం నుంచి ఐదుగురం వెళ్ళాం. పేర్లు అవసరం లేదు. మేం కేబుల్ కట్టాం. ఆ వెంటనే ఇన్సులేషన్ ముఠా వచ్చి దుప్పటి చుట్టి రేకు బిగించేశారు. మధ్యలో మెగ్గర్ టెస్ట్ చెయ్యలేదు. "టైము లేదు, లైను అప్పజెప్పాలి" అన్నారు. కరెంటు ఇచ్చేసరికి బ్రేకరు పడింది. మళ్ళీ వేశారు, మళ్ళీ పడింది. సూపర్‌వైజర్ నేరుగా మా దగ్గరికి వచ్చి, "ఏజెన్సీ కుర్రాళ్ళు తాడు లాగినట్టు లాగేసి వైరు తెంపేశారు" అన్నాడు. ఒక్కొక్కరికి రెండు రోజుల కూలి కోశారు. తర్వాత రేకు విప్పి చూస్తే, రేకు బిగించిన స్క్రూ నేరుగా కేబుల్లో దిగి ఉంది. అందరూ చూశారు. "సరేలే, మార్చండి" అన్నారు. మళ్ళీ కట్టింది మేమే. కోసిన కూలి మాత్రం తిరిగి రాలేదు. మా దగ్గర చూపించడానికి ఒక్క కాగితం లేదు. కట్టాక ఒక్క నిమిషం మెగ్గర్ పెట్టి ఒక్క అంకె రాసి ఉంటే, ఆ మాట అనడానికి అతని నోరు లేచేది కాదు.

అందుకే అంటున్నాను. మనకి మెగ్గర్ రీడింగు అంటే ఇంజినీర్ల కాగితం కాదు, మన పక్షాన మాట్లాడే సాక్షి. దాన్ని మన చేతిలోకి తెచ్చుకోవాలి.

ఈ మాట చెప్తే మనోళ్ళలోనే మూడు రకాల జవాబులొస్తాయి. మూడింటికీ నా సమాధానం రాస్తున్నాను.

మొదటిది: "ఏదో ఒక పని దొరికింది, ఇవన్నీ అడిగితే అదీ పోతుంది." ఒక్కడే అడిగితే పోతుంది, నిజమే. పదిమంది ఒకే ఊరి నుంచి, ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళు కలిసి అడిగితే పోదు. షట్‌డౌన్ అంటే రోజుకింత నష్టం అని లెక్కేసుకునే పని. వాళ్ళకి కూడా మనం ఆ రోజే కావాలి. అడిగేది కూలి పెంచమని కూడా కాదు, మేం కట్టాక టెస్ట్ చేసి మా ముందే రాయమని. నిజాయితీగా పనిచేయించేవాడు దీనికి కాదనడు. కాదన్నాడంటే ముందే తెలిసిపోయింది, తప్పు ఎవరి మీద వెయ్యాలో అతను ఇప్పటికే అనుకున్నాడని.

రెండోది మన కాలేజీ వాళ్ళ మాట: "మనం చదువుకున్నది ఆఫీసు ఉద్యోగాల కోసం, వైర్లు పట్టుకోవడానికి కాదు." హాస్టల్లో నా పక్క మంచం వాడే ఈ మాటన్నాడు. తమ్ముడూ, 2000లో వచ్చిన జీవో 3 ఏజెన్సీలో టీచరు పోస్టులు మనకే అంది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దాని కోసం పోరాడాలి, పోరాడుతున్నాం. కానీ ఆ ఒక్క తలుపు తెరుచుకునేదాకా మిగతా తలుపుల వైపు చూడమంటే ఎలా? చదువుకున్నవాడు చేత్తో పని చేస్తే చదువు తగ్గిపోదు. పైపు నుంచి ఎంత వేడి పోతుందో లెక్క కట్టి, ఇన్సులేషన్ మందం చూసి, ఏ కేబుల్ ఎన్ని మీటర్లు వెయ్యాలో, చల్లగా ఉన్నప్పుడు స్విచ్ వేస్తే మొదట్లో ఎంత ఎక్కువ కరెంటు లాగుతుందో, దానికి ఏ బ్రేకరు పెట్టాలో తేల్చేది కూడా ఈ పనిలోనిదే. అది డిజైన్ ఇంజినీరు కుర్చీ. ఆ కుర్చీలో మనవాడు కూర్చున్న రోజు, కింద స్కఫోల్డింగ్ మీద ఉన్నవాడి మాట వినేవాడు ఒకడుంటాడు.

మూడోది బరువైన మాట: "కంపెనీలు మన కొండలు తవ్వాలని చూస్తుంటే నువ్వు వాళ్ళ పైపులు వేడి చెయ్యమంటావా?" ఈ మాట అన్నవాళ్ళ మీద నాకు గౌరవం ఉంది. 1997 సమతా తీర్పు వల్లే మన కొండలు ఇంకా మన కళ్ళముందు ఉన్నాయి. బాక్సైట్ తవ్వొద్దని నిలబడినవాళ్ళ పిల్లలమే మనం. నేను ఆ మాట వెనక్కి తీసుకోమనడం లేదు. కానీ నేను చెప్పినా చెప్పకపోయినా మన కుర్రాళ్ళు బస్సెక్కుతున్నారు. విశాఖ వెళ్తున్నారు, హైదరాబాద్ వెళ్తున్నారు, చెన్నై వెళ్తున్నారు. వెళ్తున్నవాడు ఏమై వెళ్ళాలి అన్నదే నా ప్రశ్న. ఇంకోటి కూడా ఆలోచించండి. రేపు ప్రజాభిప్రాయ సేకరణలో ప్లాంటు వాళ్ళు "కాస్టిక్ లైను సురక్షితం" అని చెప్తే, ఆ లైను ఎలా పనిచేస్తుందో తెలిసినవాడు మన గుంపులో ఒకడుంటే వాడు అడిగే ప్రశ్న వేరేగా ఉంటుంది. తెలియనివాడు నినాదం ఇస్తాడు. తెలిసినవాడు నినాదమూ ఇస్తాడు, నిలదీస్తాడు కూడా.

ఇక మనకి నేర్పాల్సినవాళ్ళ మీదకి వస్తాను. మన యువతకి శిక్షణ అంటే ఎప్పుడూ ఇంటి వైరింగే. ఒక బల్ల మీద రెండు స్విచ్చులు, ఒక బల్బు, ఒక ఫ్యాను రెగ్యులేటరు. చివర్లో ఫోటో, సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ పట్టుకుని ప్లాంటుకి వెళ్తే మళ్ళీ హెల్పరే. ఎందుకంటే అక్కడ బల్బు లేదు. గ్లాండు ఉంది, జంక్షన్ బాక్సు ఉంది, మెగ్గర్ ఉంది, డ్రాయింగు ఉంది. ఐటీడీఏల కింద యువ శిక్షణ కేంద్రాలున్నాయి, ఐటీఐలున్నాయి. ఒక ముప్పై అడుగుల పాత పైపు, రెండు వాల్వులు, మూడు రకాల కేబుల్ ముక్కలు, ఒక మెగ్గర్ – ఇంత సామాను తెస్తే ఒక గదిలో నేర్పొచ్చు. ఇది కోట్ల ప్రాజెక్టు కాదు. మా బాధ అల్లా, అడిగినవాడు లేడు కాబట్టి ఇచ్చినవాడు లేడు.

చట్టం కూడా మనకి అడ్డం లేదు, వెన్నుదన్నుగానే ఉంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం ఎలక్ట్రికల్ ఇన్‌స్టలేషన్ పనిని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు, అర్హత పత్రం ఉన్న సూపర్‌వైజర్ పర్యవేక్షణలో, పర్మిట్ ఉన్న మనిషితోనే చేయించాలి. అంటే వైర్‌మన్ పర్మిట్ ఉన్నవాడిని హెల్పర్ అని పిలవడం కష్టం. 1961 అప్రెంటిస్ చట్టంలో ఎస్టీలకి శిక్షణ స్థానాలు కేటాయించాలని ఉంది. ఐటీఐ ఎలక్ట్రీషియన్ రెండేళ్ళు చదివి, అప్రెంటిస్ చేసి, పర్మిట్ తెచ్చుకున్నవాడు మన ఊరికి ఒక్కడున్నా, వాడి వెనక పదిమంది నేర్చుకుంటారు. ఆడపిల్లలకి కూడా చెప్తున్నాను. మెగ్గర్ చదవడానికీ, టర్మినేషన్ చెయ్యడానికీ కావల్సింది కండ కాదు, శ్రద్ధ, నిదానం. పూసల దండ గుచ్చే వేళ్ళకి ఎండ్ సీల్ వెయ్యడం ఎంత?

భాష అడ్డం అంటారు. మాన్యువల్ ఇంగ్లీషులో, సూపర్‌వైజర్ హిందీలో, మన ఇంట్లో కువి, కోయ, ఆదివాసీ ఒరియా. నిజమే. మనకి తెలుగే రెండో భాష. కానీ డ్రాయింగుకి భాష లేదు. గీతకి, గుర్తుకి, అంకెకి భాష లేదు. ముందు అవి నేర్చుకుందాం. మిగతాది ఒకరికొకరం చెప్పుకుందాం.

చివరిగా, పనికి వెళ్ళే ప్రతి ఒక్కరూ చెయ్యాల్సినవి రాస్తున్నాను. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

1. పని చెప్పినవాణ్ణి కేబుల్ రకం అడగండి. సిరీసా, కాన్‌స్టంట్ వాటేజా, సెల్ఫ్ రెగ్యులేటింగా, ఎంఐనా? కేబుల్ మీద అచ్చేసిన అక్షరాలు చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి.

2. రకం తెలియకుండా కేబుల్ కొయ్యకండి. ఎవరు చెప్పినా సరే. సెల్ఫ్ రెగ్యులేటింగ్ చివర తీగలు కలపకండి. అల్లిక కత్తిరించి పారేయకండి.

3. కట్టడం అయ్యాక, ఇన్సులేషన్ వాళ్ళు రాకముందే మెగ్గర్ పెట్టమని అడగండి. రీడింగు, తేదీ, లైను నంబరు మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ ఫైలులో మీ పేరు కూడా రాయమనండి. ప్లాంటు లోపల ఫోన్ అనుమతి ఉండదు, కాబట్టి ఫోటో మీద ఆశ పెట్టుకోకండి. నోట్‌బుక్కే మన ఆయుధం.

4. వర్క్ పర్మిట్ చూడకుండా, సరఫరా ఆపి తాళం వేశారో లేదో చూడకుండా పాత కేబుల్ ముట్టుకోకండి.

5. టర్మినేషన్ చేసేవాడి పక్కన నిలబడండి. పనిముట్టు అందిస్తూ చూడండి. వారం చూస్తే వస్తుంది. వచ్చాక "ఒకటి నేను చేస్తా" అని అడగండి.

పర్మిట్ ఉన్న అన్నలు మన గ్రూపులో కొందరున్నారని నాకు తెలుసు. మీరు మౌనంగా ఉండటం న్యాయం కాదు. మీరు కష్టపడి ఎక్కిన మెట్టు దగ్గర నిలబడి, కిందవాళ్ళకి చెయ్యి ఇవ్వండి. ఆదివారాలు మా హాస్టల్‌లో ఒక గది ఖాళీగా ఉంటుంది. ఒక్క పాత మెగ్గర్, రెండు కేబుల్ ముక్కలు పట్టుకుని రండి. నేను మూడు రకాల కేబుళ్ళ గురించి తెలుగులో నోట్సు రాసి ఉంచాను. అందులో తప్పులుంటే మీరు దిద్దండి, అందరం దాన్నే జిరాక్స్ తీసి పంచుదాం. ఈసారి షట్‌డౌన్ పనికి మన్యం నుంచి వెళ్ళే ప్రతి బస్సులో, మెగ్గర్ చదవడం వచ్చినవాడు కనీసం ఒక్కడైనా ఉండాలి.

జై ఆదివాసీ.